58 దాకా చేద్దామనుకున్న ఉద్యోగం 56కే ఆగింది: పీఎఫ్, పింఛను ప్లాన్ ఎలా మార్చుకోవాలి?

పటాన్‌చెరు షిఫ్ట్ (ప్రశ్న)

వయసు 56 నిండింది. 2025 ఆగస్టు 31న వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద విరమణ) మీద బయటికి రావడం అయింది. మొదటి కంపెనీలో 2007 సెప్టెంబర్ నుంచి 2011 ఆగస్టు వరకు, రెండోదాంట్లో 2011 సెప్టెంబర్ నుంచి చివరిదాకా. ఆఖరి బేసిక్ 38,000. పీఎఫ్ నిల్వ దాదాపు 17 లక్షలు, సెలవుల డబ్బు 2 లక్షలు. గ్రాట్యుటీ ఇంకా రావాలి. ఇంటి ఖర్చు నెలకు 35,000, సొంతిల్లు, అప్పులు లేవు.

58కి పింఛను, పీఎఫ్ మొత్తం తీసి బ్యాంకులో ఎఫ్‌డీ అన్నది పాత ప్లాన్. రెండేళ్లు ముందే ఆగింది కాబట్టి ఇందులో ఏది మార్చాలి? పింఛను జీతం × సర్వీసు ఏళ్లు ÷ 70, అంటే 15,000 × 18 ÷ 70 లెక్కన పీఎఫ్ పింఛను 3,857 వస్తుందనుకుంటున్నాను. ముందే తీసుకుంటే కోత పడుతుందని 58 వరకు ఆగమని అందరూ అంటున్నారు.

పింఛను లెక్క (జవాబు)

ముందు ఆ 3,857 సరిచేద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పుతారు. పింఛను లెక్కలోకి తీసుకునే జీతం పరిమితి 2014 సెప్టెంబర్ 1 నుంచే 15,000. అంతకుముందు 6,500. సర్వీసును ఆ తేదీ దగ్గర రెండు ముక్కలు చేసి, దేని పరిమితి దానికి వేస్తారు. మీకు ముందు 7 ఏళ్లు, తర్వాత 11 ఏళ్లు:

(7 × 6,500 + 11 × 15,000) ÷ 70 = 3,007.

ఇక ముందస్తు పింఛను. 50 దాటి, 10 ఏళ్ల సర్వీసు ఉండి, పీఎఫ్ వర్తించే ఉద్యోగంలో లేకపోతే తీసుకోవచ్చు. 58కి తక్కువైన ఒక్కో ఏడాదికి 4 శాతం కోత. మీకు రెండేళ్లు, అంటే 8 శాతం. 3,007 కాస్తా 2,766 అవుతుంది. ఈ కోత జీవితాంతం ఉంటుంది, 58 నిండగానే పెరగదు. అయినా లెక్క వేసి చూడండి. 24 నెలల్లో చేతికొచ్చేది 66,384. వదులుకునేది నెలకు 241. ఆగినవాడు మిమ్మల్ని అందుకోవడానికి 58 తర్వాత 275 నెలలు పడుతుంది, అంటే 81వ ఏట. మధ్యలో వడ్డీ కూడా కలిపితే ఇంకా ఆలస్యం. మళ్లీ ఉద్యోగంలో చేరే ఆలోచన లేకపోతే ఆగాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం.

60 వరకు వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం పెంచుతారు. దానికీ ఇదే లెక్క వేస్తే 84 దాటాక గాని లాభం కనిపించదు.

ఒక ప్రశ్న: 2011లో కంపెనీ మారినప్పుడు పాత పీఎఫ్ తీసేశారా, బదిలీ చేశారా? ఫారం 10సీ (పింఛను వాటా డబ్బు వెనక్కి తీసుకునే దరఖాస్తు) పెట్టారా?

పటాన్‌చెరు షిఫ్ట్

అప్పుడు ఫారం 19 (పీఎఫ్ మొత్తం తీసుకునే దరఖాస్తు), 10సీ రెండూ పెట్టి మొత్తం తీసుకోవడం జరిగింది.

పింఛను లెక్క

అయితే ఆ నాలుగేళ్లు పింఛను సర్వీసులోంచి పోయినట్టే. 10సీ కింద డబ్బు తీసుకుంటే ఆ సర్వీసు రద్దవుతుంది. ఒక్క 19 మాత్రమే పెట్టి 10సీ వదిలేసి ఉంటే సర్వీసు బతికే ఉండేది. ఇది చదివే మిగతావాళ్లు గుర్తుంచుకోండి.

కొత్త లెక్క: (3 × 6,500 + 11 × 15,000) ÷ 70 = 2,636. ఇప్పుడే తీసుకుంటే 2,425. సమానమయ్యేది మళ్లీ 81 దగ్గరే, కాబట్టి నా సలహా మారదు. 14 ఏళ్లు ఉన్నాయి గనక అర్హతకు ఢోకా లేదు. జీతం లేని సెలవులు ఎక్కువ పెట్టి ఉంటే ఆ రోజులూ సర్వీసులోంచి తీసేస్తారు, పీఎఫ్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ చూసుకోండి.

గ్రాట్యుటీ కూడా రెండో కంపెనీ నుంచే: 38,000 × 15 ÷ 26 × 14 = సుమారు 3,06,900. మొదటిదాంట్లో అయిదేళ్లు నిండలేదు. బకాయి పడ్డ రోజు నుంచి 30 రోజుల్లో ఇవ్వాలి, దాటితే వడ్డీ కట్టాలి.

ఫారాల పని (జవాబు)

క్లెయిమ్‌లు తిరిగి వచ్చేది ఎక్కువగా ఈ చిన్న విషయాల వల్లే, అందుకే వరుస చెబుతున్నాను. ముందు యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబర్) పోర్టల్‌లో ఉద్యోగం వదిలిన తేదీ పడిందో లేదో చూడండి. కంపెనీ వేయకపోతే ఆఖరి చందా జమైన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు. నెల తప్పు పడకుండా చూసుకోండి, ఆఖరి చందా నెలతో పొసగకపోతే క్లెయిమ్ ఆగుతుంది. తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా అన్నది. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తిగా ఉండటం పెద్ద తలనొప్పి. కంపెనీ పీఎఫ్ విభాగం మిమ్మల్ని మరిచిపోకముందే ఉమ్మడి డిక్లరేషన్ (మీరు, కంపెనీ కలిసి ఇచ్చే సవరణ దరఖాస్తు) పెట్టి సరిచేయించుకోండి. ఈ-నామినేషన్‌లో భార్య, పిల్లల వివరాలు నింపండి.

పింఛనుకు ఫారం 10డీ. తగ్గింపు పింఛను ఏ తేదీ నుంచి కావాలో అందులోనే రాయాలి. భార్యతో కలిసి దిగిన ఫొటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ సిద్ధం పెట్టుకోండి. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు ఖాతాకైనా పింఛను వేస్తున్నారు, ఊరు మారినా బాధ లేదు. ఏటా జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నట్టు చూపే డిజిటల్ పత్రం) ఇవ్వాలి. ఏ నెలలో ఇచ్చినా అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది, ఫోన్‌లో ముఖం చూపించి చేసేయవచ్చు.

పోస్టాఫీసు పొదుపు (జవాబు)

పీఎఫ్ సొమ్ము గురించి. 55 దాటాక విరమించినవారి ఖాతాకు 36 నెలలు వడ్డీ వస్తుంది, అంటే మీకు 2028 ఆగస్టు వరకు. ఆ తర్వాత కూడా వదిలేస్తే ఖాతా నిద్రపోతుంది, వడ్డీ ఆగుతుంది. 2024–25కి ప్రకటించిన రేటు 8.25 శాతం. 17 లక్షల మీద ఏడాదికి 1,40,250. ఉద్యోగం వదిలాక వచ్చే ఈ వడ్డీకి పన్ను మినహాయింపు లేదు, రిటర్నులో చూపాలి. కొత్త ఆదాయపన్ను విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు గనక, వేరే ఆదాయం లేకపోతే మీకు భారం పడదు. ఎఫ్‌డీకి మార్చాలన్న పాత ప్లాన్ మాత్రం వదిలేయండి. రేటూ తక్కువే, తొందరా లేదు.

చిక్కల్లా పీఎఫ్ వడ్డీ ఏడాదికోసారి ఖాతాలో కలుస్తుంది తప్ప నెల నెలా చేతికి రాదు. అందుకని ముందు గ్రాట్యుటీ, సెలవుల డబ్బు కలిపి 5 లక్షలు ఖర్చులకు వాడండి. పింఛను పోను నెలకు 32,600 చొప్పున 15 నెలలు నడుస్తుంది. పీఎఫ్ అంతవరకు కదపవద్దు.

ఆ తర్వాత ఫారం 19తో మొత్తం తీసి, 15 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో వేయండి. 60 నిండకపోయినా, 55 దాటి విరమించినవారు విరమణ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోగా తెరవవచ్చు. నాలుగో నెల అయితే 60 వరకు తలుపు మూసుకున్నట్టే. విరమణ తేదీ, హోదా, వచ్చిన మొత్తాలు రాసిన కంపెనీ పత్రం అడుగుతారు, అది ఇప్పుడే తీసుకుని ఉంచండి. 2025లో రేటు 8.2 శాతం. ఆ రేటుకైతే 15 లక్షల మీద మూడు నెలలకోసారి 30,750. ఖాతా తెరిచిన రోజు రేటే అయిదేళ్లూ ఉంటుంది. ఏడాది లోపు మూసేస్తే వడ్డీ ఏమీ రాదు, రెండేళ్ల లోపు అసల్లో 1.5 శాతం, ఆ తర్వాత 1 శాతం కోస్తారు. అందుకే మిగతా 2 లక్షలు, పీఎఫ్‌లో ఈలోగా పెరిగిన వడ్డీ బయటే ఉంచుకోండి.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఈ వడ్డీ నెలకు 10,250, పింఛను 2,425, కలిపి 12,675. ఖర్చు 35,000. నెలకు 22,000 పైగా అసలు కరుగుతుంది. నెలకు 15,000 తెచ్చే పనైనా మరో నాలుగేళ్లు ఉండాలి. అది పీఎఫ్ వర్తించే ఉద్యోగమే అయితే 10డీ పెట్టకముందే తేల్చుకోండి, ముందస్తు పింఛనుకు అర్హత అక్కడే పోతుంది.

ఫారాల పని

ఆరోగ్య బీమా ఎవరూ ఎత్తలేదు. కంపెనీ గ్రూపు పాలసీ సాధారణంగా ఆఖరి పనిరోజుతో అయిపోతుంది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది. అలా మారితే గ్రూపులో గడిచిన కాలం షుగర్, బీపీ లాంటి పాత జబ్బుల నిరీక్షణలో (వాటికి బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలంలో) లెక్కకొస్తుంది. కొత్తగా తీసుకుంటే ఆ నిరీక్షణ మూడేళ్ల వరకు ఉండొచ్చు. ఈ అడిగే పని ఉద్యోగంలో ఉండగానే చేయాలి. మీరు ఇప్పటికే బయటికి వచ్చారు గనక, గ్రూపు పాలసీ గడువు ఎంతవరకు ఉందో హెచ్‌ఆర్‌ను రేపే అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీ ప్రీమియం మీద జీఎస్‌టీ లేదు, పాత కొటేషన్ ఉంటే మళ్లీ తీయించండి.