తమ్ముడింట ఈస్టర్ విందుకు వెళ్లాలా, వద్దా?

తెనాలి ఆడపడుచు:

మా తమ్ముడు, మరదలు బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి శ్రీరామనవమికి నేను పంపే పానకం, వడపప్పు పుచ్చుకోవడం లేదు. వినాయక చవితి ఉండ్రాళ్లూ అంతే. "ఏమీ అనుకోకు అక్కా" అని గుమ్మంలోనే చెప్పేస్తాడు. ఈస్టర్ వచ్చేసరికి మాత్రం బావతో, పిల్లలతో భోజనానికి రావాల్సిందేనని ఫోన్ల మీద ఫోన్లు. మా అత్తగారేమో "మన దేవుడి ప్రసాదం ముట్టని ఇంట్లో మీరు విస్తరి ముందు ఎలా కూర్చుంటారు?" అంటున్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉందనిపిస్తోంది. అలాగని తమ్ముణ్ణి వదులుకోవడం నా వల్ల కాదు. పండగ దగ్గర పడేకొద్దీ టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

కృష్ణలంక:

వెళ్లొద్దండి. చుట్టరికం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. పుచ్చుకోనివాళ్లు ఇస్తామంటే అది పెత్తనం అవుతుంది.

ఇంకో సంగతి. అక్కడ భోజనం ఒక్కటే ఉండదు. మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో వడ్డనకు ముందు పాస్టరు గారు చాలాసేపు వాక్యం చెప్పారు. ఆ తర్వాత మా పిల్లల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, కాదనను. ఎదుటివాణ్ణి మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. చుట్టాలను అన్నానికి పిలిచి ఆ పని పెట్టుకోవడం తప్పు.

నెల్లూరు బాప్టిస్టు:

పిల్లల తల మీద చెయ్యి పెట్టే ముందు తల్లిదండ్రులను అడగాల్సిందే. ఆ విషయంలో కృష్ణలంక గారిదే న్యాయం.

పానకం సంగతి మాత్రం వేరు. తెనాలి అక్కా, మీ తమ్ముడు వద్దన్నది మిమ్మల్ని కాదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం చూడండి. విశ్వాసం లేనివాళ్లు భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లి, పెట్టింది ప్రశ్నలు వెయ్యకుండా తినమన్నాడు. ఇది దేవతకు అర్పించింది అని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దన్నాడు. అంటే మీ ఇంట్లో అన్నం తినడానికి మీ తమ్ముడికి అడ్డేమీ లేదు. నైవేద్యం దగ్గరే ఆగిపోతున్నాడు. ఆ పత్రిక కొరింథులో ఇదే గొడవ పడిన వాళ్లకు రాసింది.

పైగా నవమి సాధారణంగా లెంట్‌లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల్లో వస్తుంది. 2025లో నవమి ఏప్రిల్ 6, ఈస్టర్ ఏప్రిల్ 20. ఆ నలభై రోజులూ చాలామంది ఉపవాసాల్లో ఉంటారు. నా సలహా, నైవేద్యం పెట్టకముందే ఒక చెంబు పానకం తీసి పంపండి.

కృష్ణలంక:

నవమి నాడు రాముడికి పెట్టకుండా మేం ఇంకొకరికి ఇవ్వమండీ. మీ నియమం కోసం మా నియమం పక్కన పెట్టమంటున్నారు. ఇదే నేను అంటున్నది.

ఒంగోలు మనవరాలు:

అత్తగారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా తాతలు మాదిగలు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకు పని చూపించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లు, తిండి కోసం చేరారన్న మాట రాకుండా, బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలైలో ఒక్క రోజులో 2,222 మంది తీసుకున్నారు. చేరేవాళ్లకు పెట్టిన షరతుల్లో ఒకటి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదని. మా మతమార్పిడి తిండి దగ్గరే మొదలైంది. మేం వండింది ఊళ్లో ఎవరూ ముట్టుకోని రోజులవి. మా నాయనమ్మ కాలం దాకా మాకు నీళ్లు పైనుంచి దోసిట్లోకే పోసేవాళ్లు. "వాళ్లింట్లో ఎలా తింటారు" అన్న మాట మాకు ప్రసాదం గొడవ కన్నా చాలా పాతది. మీ అత్తగారు ఆ ఉద్దేశంతో అన్నారని నేననడం లేదు. మాకు మాత్రం అలాగే వినిపిస్తుంది.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి చెబుతాను. మా మేనమామలు హిందువులుగానే ఉన్నారు, పోలేరమ్మ కొలుపు చేస్తారు. మేం వెళ్తాం. అమ్మవారికి కోసిన కోడిని మాకు వడ్డించరు, మాకోసం విడిగా ఒకటి కోసి వండుతుంది మా అత్త. ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఈస్టర్ తెల్లవారుజామున వాళ్లే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వస్తారు, మా అమ్మమ్మ అక్కడే ఉంది కాబట్టి. ముందురోజు సమాధికి సున్నం వేసేది కూడా మా పెద్దమామే. పాట పాడేటప్పుడు పక్కన నిలబడతాడు, పాడడు. తర్వాత అందరం ఇంటికొచ్చి పలావు, కోడికూర తింటాం. మా నాన్న భోజనానికి రెండు వాక్యాల ప్రార్థన చేస్తాడు, అంతే. చుట్టాలున్న పూట పాస్టరు గారిని పిలవం.

ఆ భోజనం ఫోటోలు మాత్రం ఎవరూ స్టేటస్‌లో పెట్టరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీల్లో సి గ్రూపు (బీసీ-సి) కింద లెక్కేస్తారు. మా మేనమామ కొడుకు ఎస్సీ సర్టిఫికెట్ మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని అమ్మమ్మ సమాధి దగ్గర ఫోటోకు కూడా భయపడుతున్నాం. పిల్లాడు గుడికే వెళ్తాడు, అయినా భయమే. విందు మీద ఇంత చర్చ జరుగుతోంది, ఈ భయం గురించి ఎవరూ మాట్లాడరు.

ఫిరంగిపురం:

క్రైస్తవులంతా ఒకటే అనుకోకండి. మేం కతోలికులం. మా అమ్మ బొట్టు పెట్టుకుంటుంది, తాళిలో సిలువ ఉంటుంది. లెంట్‌ను మేం తపస్సు కాలం అంటాం, విభూది బుధవారంతో మొదలుపెడతాం. ఇంకొన్ని సహవాసాలైతే ఈస్టరే చెయ్యవు, ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే అంటారు. తెనాలి అక్క తమ్ముడు ఏ సంఘమో, ఏది కుదరదో అతన్నే అడగాలి.

తెనాలి ఆడపడుచు:

అడిగాను. ఒంగోలు చెల్లి చెప్పిన విడి కోడి మాట మనసుకు పట్టింది. పానకం వద్దులే గానీ, ఉగాదికి బూరెలు వండి నైవేద్యానికి ముందే కొన్ని తీసి ఉంచితే తింటారా అన్నాను. "నీ చేతి బూరెలు తిని ఎన్నాళ్లయింది అక్కా" అన్నాడు. కృష్ణలంక గారూ, నవమి నియమం మీరన్నట్టే, నేనూ తప్పను. బూరెలకు మా ఇంట్లో అంత పట్టింపు లేదు.

వస్తాం గానీ పిల్లలకు ప్రార్థన చెయ్యించొద్దని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరే అన్నాడు. మా అత్తగారు రానన్నారు. ఆవిణ్ణి బలవంతపెట్టను.

కృష్ణలంక:

పిల్లల సంగతి ముందే తేల్చుకున్నారు, మంచి పని. నా మాట మాత్రం మారలేదు. వచ్చే చవితికి మీ తమ్ముడు మీ ఇంటికొచ్చి, పూజయ్యాక అయినా సరే, కూర్చుని భోంచేస్తాడో లేదో ఇక్కడ రాయండి.