మా చేలో మేం బోరు వేసుకోవాలంటే పక్క చేను వాళ్లని అడగాలా?

చీనీతోట_అబ్బాయి:
మాది అనంతపురం జిల్లా నార్పల వైపు ఒక పల్లె. ఆరెకరాల్లో మూడెకరాలు చీనీ (బత్తాయి) చెట్లు, ఏడో ఏడు నడుస్తోంది. ఉన్న ఒక్క బోరు 620 అడుగులది, పోయినేడాది దాకా రెండించీల నీళ్లు పోసేది, ఇప్పుడు గంట ఆడితే చాలు ఆగి ఆగి పోస్తోంది. నాయన కొత్త బోరుకి పాయింట్ చూపించాడు. (అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఆయన ఎక్కడ చూపించాడో, మిషన్ తెచ్చిన జియాలజిస్టు కూడా దాదాపు అక్కడే చూపించాడు, అదొక వింత.) ఆ పాయింట్ గట్టుకి ఆనుకునే ఉంది, గట్టు దాటి ముప్పై గజాలు పోతే మామ వాళ్ల బోరు. సొంత మామ కాదు, ఊరి వరస.

పోయిన వారం రాత్రి రిగ్గు బండి వస్తే మామ వచ్చి బండి ముందర నిలబడ్డాడు. 'ఈడ దించితే నా చెట్లు ఎండిపోతాయి బావా' అన్నాడు. నాయనేమో 'నా భూమి, నా దుడ్లు, నీకేం సంబంధం' అని గట్టిగా అరిచాడు. మీ గొడవ మాకెందుకని బండి వాళ్లు వెళ్లిపోయారు, రానూపోనూ డీజిల్ ఖర్చు మా నెత్తిన వేసి.

ఇంకో సంగతి. పదకొండేళ్ల కింద మామ ఆ బోరు వేసిన రెండు నెలలకే మా దిగుడు బావి ఎండిపోయింది. అప్పుడు మమ్మల్ని ఎవరడిగారు? నాయన ఈ మాట ఆ రాత్రి మామతో అనలేదు, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అన్నాడు. నేను టౌన్లో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు మాత్రం ఊరికి పోయే మనిషిని. నాయన చెప్పేది న్యాయంగానే ఉంది, మామ మొహం గుర్తొస్తే మాత్రం మనసొప్పట్లేదు. ఏం చెయ్యమంటారు?

బండ_మీద_బండ:
ఇందులో టెన్షన్ పడేదేముంది అన్నా. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోనే ఉంది, కాలువలాగా ఒక దారిలో పారని భూమిలోపలి నీళ్లని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి గలాయనదే. మామ బోరు వేసింది కూడా ఆ హక్కుతోనే కదా, ఇప్పుడు మీ వంతు వచ్చేసరికి బాధ్యత గుర్తొచ్చిందా? దించేయండి.

పెన్నా_గట్టు:
పై అన్న చెప్పిన చట్టం ఉన్నమాట నిజమే, కానీ కథ అక్కడ ఆగలేదు. 2002లో వాల్టా అని నీళ్లు, భూమి, చెట్లని కాపాడే చట్టం వచ్చింది. దాని ప్రకారం బోరుకి ముందుగా అనుమతి కావాలి, రిగ్గు బండికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల వెయ్యకూడదు, అతిగా తోడేసిన గ్రామమని నోటిఫై చేసి ఉంటే వ్యవసాయానికి కొత్త బోరే కుదరదు. రాత్రిపూట బండి రప్పించారంటే ఈ కాగితాలేవీ లేవనుకుంటా, తప్పైతే క్షమించండి.

చట్టం పక్కన పెట్టి భూమి సంగతి చెప్తా. మన దగ్గర కింద ఉండేది ఎక్కువగా గట్టి రాయి, నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. ఆ పగులుకి మీ గట్టు ఎక్కడుందో తెలీదు. ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే నీళ్లు రెండింతలు కావు, ఉన్నవే ఇద్దరూ లాగుతారు, లోతుగా దించినాయన కొన్నాళ్లు గెలుస్తాడు. మన జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర, అందులో కిందికి ఇంకేది కొంచెమే.

ఇదివరకు ఏపీఫామ్‌జీఎస్ అని ఒక ప్రాజెక్టు అనంతపురం, కడప, కర్నూలుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. రైతులే వాన కొలిచేవాళ్లు, బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్లు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకి ఎన్ని కావాలి అని లెక్క వేసుకునేవాళ్లు. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ బలవంతం చెయ్యలేదు, లెక్క కళ్ల ముందుంటే కొందరు వాళ్లంతట వాళ్లే తక్కువ నీళ్ల పంటకి మారారు.

మీరూ ముందు లెక్క చూడండి. 200 లీటర్ల డ్రమ్ము మామ బోరు కింద పెట్టి, మీ మోటారు ఆపినప్పుడు ఎంతసేపట్లో నిండుతుందో, రెండూ గంట ఆడాక ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. తేడా వస్తే మీ ఇద్దరిదీ ఒకే కుండ.

ఆటో స్టార్టర్లు కూడా తీసేయండి దయచేసి. కరెంటు రాగానే లైన్లో ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, అందరం కలిసి చందాలు వేసుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి.

కదిరి_మల్లి:
అన్నా, మా నాయన నాలుగేళ్లలో ఆరు బోర్లు వేశాడు. పక్కోళ్లు వేశారని మేం, మేం వేశామని వాళ్లు. ఆఖరుది 1,050 అడుగులు, తెల్లదుమ్ము తప్ప ఏం రాలేదు. అమ్మ కమ్మలు బ్యాంకులో పెట్టింది ఆ దుమ్ముకే. ఇప్పుడు మేమూ ఆ పక్కోళ్లూ బెంగళూరులో రెండు వీధుల దూరంలో ఉంటున్నాం, ఇద్దరం ట్యాంకర్ నీళ్లే కొంటున్నాం, ఎదురుపడితే మాత్రం పలకరించుకోం.

అలాగని మీ నాయన ఒక్కడే సర్దుకోవాలని నేననను. ముందు బోరు వేసిన వాళ్లు ఎండిపోతామని ఏడుస్తుంటే, బావి పోగొట్టుకున్న వాళ్లు పెద్దమనసు చూపించాలా? ఆ బావి ఊసు ఎత్తకుండా మామని మాట్లాడనివ్వకండి.

బండ_మీద_బండ:
డ్రమ్ము నిండేది కొలుచుకుంటూ కూర్చుంటే చెట్లు ఆగుతాయా? కరువు ఏడాది ట్యాంకర్లతో చెట్లని బతికించుకున్న రైతుని అడగండి. సరే, కొలిచి తేడా రాకపోతే?

పెన్నా_గట్టు:
రాకపోతే కాగితాలు పెట్టుకుని వేసుకోమనండి, నేనే చెప్తా.

చీనీతోట_అబ్బాయి:
ఆదివారం కొలిచాం. మా మోటారు ఆపితే మామ దగ్గర డ్రమ్ము నాలుగు నిమిషాలకి నిండింది. రెండూ గంటన్నర ఆడాక ఏడు నిమిషాలు దాటింది. మామ ఏమీ మాట్లాడలేదు. నేను బావి మాట ఎత్తేలోపే ఆయనే 'ఆ బావి సంగతి నాకు తెలుసులే అల్లుడా' అన్నాడు. నాయన అటు తిరిగి నిలబడ్డాడు.

పగలు ఇచ్చే తొమ్మిది గంటల కరెంటులో పొద్దున మామ, మధ్యాహ్నం నుంచి మేము, వారానికోసారి తిరగేసుకోవడం అని ఈ నెలాఖరు దాకా ఒప్పుకున్నారు. మామ బోరు నుంచి మా తొట్టికి పైపు వేసే మాట కూడా వచ్చింది, అది మాత్రం నాయన తల అడ్డంగా ఊపాడు, ఆయన నీళ్లు నాకొద్దంట. ఆయనవి ఎట్లా అవుతాయి నాయనా అంటే పలకడు. రిగ్గు వాళ్లకి మళ్లీ ఫోన్ చెయ్యలేదు, నంబరు మాత్రం తియ్యనంటున్నాడు.