నడుము నొప్పికి సెన్సర్ చాలా, నర్సు కూడా కావాలా?

సిల్క్‌బోర్డు బాధితుడు:
నడుము నొప్పి మొదలై రెండేళ్లయింది. బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ బండి మీద తిరిగిన పుణ్యం. ఒక సంస్థ మూడు నెలల ప్యాకేజీ అమ్ముతోంది. నడుముకు అంటించుకునే సెన్సర్ ఇస్తారు, వంగితే జుయ్యిమంటుంది. వారానికోసారి నర్సు ఫోను చేస్తారు. సెన్సర్ ఒక్కటే అయితే సగం ధర. నేను అదే చాలంటున్నాను, మా ఆవిడ నర్సు లేకపోతే దండగ అంటోంది. మీరేమంటారు?

ఫిల్టర్ కాఫీ:
సెన్సర్ చాలు. ఎవరో ఫోను చేసి "ఎలా ఉన్నారండీ" అని అడిగితే నడుము బాగుపడుతుందా? నా గడియారం గంటకోసారి లేవమంటుంది, లేస్తాను. అసలు ముందు బండి మానండి. 2025 ఆగస్టు నుంచి పసుపు లైను మెట్రో నడుస్తోంది కదా!

సిల్క్‌బోర్డు బాధితుడు:
ఆ మెట్రో ఎక్కాలంటే సిల్క్‌బోర్డు కూడలి దాకా బండి మీదే పోవాలి. గుంతలన్నీ ఆ దారిలోనే.

వైట్‌ఫీల్డ్ వదిన:
ఇలాంటిదే నేనూ వాడాను. మొదటి రోజు ఉదయం గుమ్మం ముందు ముగ్గు వేయబోయాను. చుక్కలు పెట్టినంతసేపూ నడుము మీద జుయ్యిమంటూనే ఉంది. వంగడమే తప్పేమో అనిపించింది. కింద పడిన గరిటె తీయాలన్నా పిల్లవాడిని పిలిచేదాన్ని. మూడో వారానికి గుమ్మం ముందు స్టిక్కరు ముగ్గు వెలిసింది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఫోను చేసిన నర్సమ్మ, నొప్పికి ఎన్ని మార్కులని అడగలేదు. "ముగ్గు వేసి ఎన్నాళ్లయింది?" అని అడిగారు. స్టిక్కరు సంగతి చెబితే నవ్వి, "సెన్సర్ తీసి పక్కన పెట్టండి. రేపు అయిదు చుక్కలతో మొదలుపెట్టండి, కాస్త నొప్పి వచ్చినా భయపడకండి" అన్నారు. మొన్న సంక్రాంతికి పదిహేను చుక్కల ముగ్గు వేశాను. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. స్టిక్కరు మాత్రం పీకేశాను.

ఫిల్టర్ కాఫీ:
వదిన గారూ, కథ బాగుంది. కానీ ఒక్కరి అనుభవం రుజువు కాదు కదా.

జయనగర్ ఫిజియో:
రుజువు కావాలంటే ఉంది. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి వచ్చింది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 492 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు భయం పోగొడుతూ కదలికలు నేర్పే చికిత్స. మూడో జట్టుకు అదే చికిత్సతో పాటు సెన్సర్. చికిత్స పొందిన రెండు జట్లూ మామూలు వైద్యం కన్నా బాగా మెరుగయ్యాయి. సెన్సర్ జోడించినందువల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అయితే వదిన గారి పక్షాన కూడా పూర్తిగా నిలబడలేను. ఆ చికిత్స చేసింది ప్రత్యేక శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు, ఫోను చేసే నర్సులు కారు.

ఫిల్టర్ కాఫీ:
మరి నడక? 2024లో అదే పత్రికలో చదివాను. నొప్పి తగ్గినవాళ్లు నడక మొదలుపెడితే, వాళ్లలో సగం మందికి అది తిరగబెట్టేసరికి 208 రోజులు పట్టిందట, నడవనివాళ్లలో 112. అడుగులు లెక్కపెట్టేది గడియారమే కదా!

జయనగర్ ఫిజియో:
ఆ నడక వెనుక కూడా ఫిజియో ఉన్నారండీ, ఆరు నెలల్లో ఆరు సార్లు మాట్లాడారు. గడియారం లెక్క రాస్తుంది, కాదనను. కానీ తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ ప్రశ్న మీ సెన్సర్ అడుగుతుందా?

ఫిల్టర్ కాఫీ:
అడగదు. ఒప్పుకుంటున్నాను. గడియారం మాత్రం తీయను.

సిల్క్‌బోర్డు బాధితుడు:
ప్రతి వారం ఒకే నర్సు మాట్లాడతారా అని ఆ సంస్థను అడిగాను. "ఆ సమయానికి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు" అన్నారు. డబ్బు కట్టలేదు. ఫిజియో గారూ, శనివారం సాయంత్రం మీ దగ్గర ఖాళీ ఉంటుందా?