మాసూళ్ల దుమ్ములో తిరిగే కారుకు ఏ ఎయిర్ ఫిల్టర్ వేయించాలి?

ప్రశ్న (అమలాపురం నుంచి)

అందరికీ నమస్కారమండి. నాది 1200 సీసీ పెట్రోలు కారు. ఉద్యోగరీత్యా రోజూ రాజోలు వైపు వెళ్లి రావలసి ఉంటుంది. కొంత దూరం 216 జాతీయ రహదారి, మిగిలినదంతా కాలువ గట్ల మీది రోడ్లు. సార్వా (ఖరీఫ్ వరి) మాసూళ్లప్పుడూ, మళ్లీ దాళ్వా (రబీ వరి) కోతలప్పుడూ రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది. ముందు ట్రాక్టరు పోతుంటే దాని వెనుక దారి కనపడనంతగా నూగు లేస్తుంది. మొన్న సర్వీసులో ఫిల్టర్ డబ్బా విప్పినప్పుడు దగ్గరుండి చూశాను. కాగితపు మడతల మధ్య పచ్చని నూగు, ఊక తునకలు, డబ్బా అడుగున సన్నని ఇసుక పేరుకుని ఉన్నాయి.

కంపెనీ ఫిల్టర్ బదులు నూనె పట్టించిన పత్తి ఫిల్టర్ వేయించుకుంటే కడుక్కుని జీవితకాలం వాడుకోవచ్చనీ, పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయనీ స్పేర్ పార్టుల దుకాణంలో చెప్పారు. ధర మాత్రం కాగితపు ఫిల్టర్ కంటే ఎన్నో రెట్లు ఉంది. డబ్బా తీసేసి బానెట్ కింద శంఖం ఆకారపు ఫిల్టర్ బిగించే కిట్ కూడా చూపించారు. మన రోడ్లకు ఏది తగినదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (పాలకొల్లు నుంచి)

మీరు ముందుగా తేల్చుకోవలసింది మీ ఇంజినుకు గాలి చాలడం లేదా, లేక దానిలోకి దుమ్ము పోతోందా అన్నది. 1200 సీసీ ఇంజిను నిమిషానికి 6,000 సార్లు తిరిగినా పీల్చుకునే గాలి 3,600 లీటర్లకు మించదు, ఎందుకంటే ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే గాలి తీసుకుంటుంది. కారు తయారుచేసినవారు ఫిల్టర్ మడతల వైశాల్యాన్ని ఆ గరిష్ఠానికి సరిపడేటట్లే నిర్ణయిస్తారు. పైగా గట్టు రోడ్డు మీద మీరు వెళ్లే వేగానికి యాక్సిలరేటర్‌ను సగం కూడా తొక్కరు. అప్పుడు గాలిని అడ్డగించేది ఫిల్టర్ కాదు, సగం మూసి ఉన్న థ్రాటిల్ పలకే. ఫిల్టర్‌ను ఎంత ధారాళంగా మార్చినా ఆ పలక తెరుచుకున్నంత మేరకే గాలి లోపలికి పోతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరీక్షల్లో, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఆధునిక పెట్రోలు కార్లకు ఫిల్టర్ బాగా మూసుకుపోయినప్పుడు కూడా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేగం అందుకోవడానికి పట్టే సమయం మాత్రమే పెరిగింది. మూసుకుపోయిన ఫిల్టర్‌తోనే మైలేజీ తగ్గనప్పుడు, శుభ్రమైన కాగితపు ఫిల్టర్ తీసి పత్తి ఫిల్టర్ వేసినంత మాత్రాన మైలేజీ ఎలా పెరుగుతుంది?

ఇక దుమ్ము సంగతి. ఒక లీటరు పెట్రోలు మండడానికి దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి, ఆ గాలిలోని దుమ్మంతా ఫిల్టర్ దగ్గరే ఆగాలి. ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 5011. మంచి కాగితపు ఫిల్టర్లు ఆ పరీక్షలో 99 శాతానికి పైగా దుమ్మును ఆపుతాయి, పత్తి ఫిల్టర్లు సాధారణంగా అంతకంటే కొంత తక్కువ ఆపుతాయి. ఒకటి రెండు శాతాల తేడాయే కదా అనిపిస్తుంది గానీ, లెక్క కట్టవలసింది ఆగిన దుమ్మును కాదు, దాటిపోయిన దుమ్మును. 99.5 శాతం ఆపే ఫిల్టర్ వంద గ్రాములలో అర గ్రామును వదులుతుంది, 98 శాతం ఆపేది రెండు గ్రాములు వదులుతుంది. అంటే పిస్టన్ రింగుల మధ్యకు చేరేది నాలుగు రెట్లు. మన దగ్గర ఆ దుమ్ములో ఉండేది గోదావరి ఇసుక, వరి ఊక. ఇసుకలోని క్వార్ట్జ్ ఇనుము కంటే గట్టిది. ఊకలో సహజంగానే సిలికా ఎక్కువ, రైసు మిల్లు బాయిలరు నుంచి వచ్చే ఊక బూడిదలోనైతే అధిక భాగం సిలికాయే. అందువల్ల పేరున్న తయారీదారు కాగితపు ఫిల్టర్ కొనుక్కుని, గడువు కంటే ముందే మార్చుకోండి. మిగిలిన డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

జవాబు (భీమవరం నుంచి)

పై మిత్రుల వాదనతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పదలచుకున్నాను. నేను డీజిల్ కారులో పత్తి ఫిల్టర్ వాడుతున్నాను. నూనె సమంగా పట్టించి, గడువు ప్రకారం కడిగితే అది నమ్మదగిన వస్తువే. అయితే "జీవితకాలం" అన్న మాట వెనుక ఉన్న చాకిరీని దుకాణాల వాళ్లు చెప్పరు. దాన్ని ప్రత్యేకమైన ద్రావణంతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతనే ప్రతి మడతకూ పలచగా నూనె పట్టించాలి. శ్రావణ భాద్రపదాల ముసురులో మన ఇళ్లలో బట్టలే ఆరవు, ఇక దళసరి పత్తి మడతల సంగతి చెప్పనక్కరలేదు. తొందరపడి తడి మీద నూనె పూస్తే అక్కడక్కడ అంటకుండా మిగిలిపోతుంది, దుమ్ము ఆ చోటు నుంచే దూరుతుంది. నూనె ఎక్కువైతే, లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ తీగ మీద పొరగా పేరుకుని, ఇంజినుకు గాలి లెక్క తప్పుతుంది. మీ కారులో ఆ సెన్సార్ ఉందో, గాలి ఒత్తిడిని మాత్రం కొలిచే మ్యాప్ (ఎం.ఎ.పి.) సెన్సార్ మాత్రమే ఉందో ముందుగా కనుక్కోండి. కడగడానికి తీరిక, ఫిల్టర్ ఆరేదాకా వేయడానికి ఇంట్లో రెండవ ఫిల్టర్ ఉన్నవారికే పత్తి ఫిల్టర్ తగినదని నా అభిప్రాయం.

జవాబు (రావులపాలెం నుంచి)

నేను వర్క్‌షాపు నడుపుతున్నాను. ఇసుక లారీల వెనుక తిరిగే బండ్లు మా దగ్గరకు చాలా వస్తాయి. శంఖం ఆకారపు కిట్ మాత్రం దయచేసి వేయించకండి. బానెట్ కింద వేడిగాలి పీల్చే ఫిల్టర్ వల్ల బలం పెరగకపోగా తగ్గుతుంది. గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది. అలాగని పైపును కిందికి, బంపరు వెనుకకు దింపితే మరీ ప్రమాదం. వరద రోజుల్లో కనకాయలంక కాజ్‌వే లాంటి చోట, నీరు కొంచెమే ఉంది కదా అని కారు దింపారనుకోండి, ఆ నీరు సిలిండరులోకి చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఎందుకంటే నీటిని పిస్టన్ గాలిలా నొక్కలేదు. కంపెనీవారు గాలి తీసుకునే మూతిని పైన పెట్టింది అందుకే.

ఫిల్టర్ ఏదైనా, రబ్బరు అంచు డబ్బాలో సరిగ్గా కూర్చోవాలి. నకిలీ సరుకులో ఆ అంచు గట్టిగా, ఒక వైపు పొట్టిగా ఉంటుంది. క్లిప్పులు పడినా సందు మిగిలే ఉంటుంది. ఫిల్టర్ మార్చిన కొంతకాలానికి దాని తరువాతి పైపు లోపలి గోడను తెల్లని గుడ్డతో తుడిచి చూడండి. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగిలిందంటే దుమ్ము పక్కనుంచి పోతోందని అర్థం. కంప్రెసరు గాలితో ఊదించడం కూడా మానేయండి, ఆ ఒత్తిడికి కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి. మెల్లగా తట్టి దులిపితే చాలు, అదీ మడతలు పొడిగా ఉంటేనే. ఒకసారి తడిసిన కాగితపు ఫిల్టర్‌ను పారేయవలసిందే.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలండి. కంపెనీ కాగితపు ఫిల్టరే తీసుకుంటాను. అయితే దాన్ని కిలోమీటర్ల లెక్కన మార్చాలా, పంటల లెక్కన మార్చాలా?

జవాబు (రావులపాలెం నుంచి)

మీ కారు పుస్తకంలో దుమ్ము రోడ్లకు వేరే గడువు రాసి ఉంటుంది, ముందు అది చూడండి. మీ దారికి మాత్రం నేనైతే దాళ్వా మాసూళ్లు అయ్యాక, వానలకు ముందు కొత్తది వేయిస్తాను. సార్వా మాసూళ్లు ముగిశాక డబ్బా విప్పి, అడుగున ఉన్న ఇసుకను తడిగుడ్డతో తీయించి, ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మడతల గుండా వెలుతురు సమంగా కనిపిస్తే దాళ్వా దాకా అదే వాడుకోవచ్చు.