స్టార్టప్ కోర్సు నా నెత్తిన పడింది. చేయించి నేర్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చాక్‌పీస్:
మాది ఖమ్మం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ. వచ్చే సెమిస్టర్ మూడో ఏడాది వాళ్లకి స్టార్టప్‌ల మీద ఓపెన్ ఎలెక్టివ్ పెట్టి, "మేడం, మీకు లోడ్ తక్కువుంది కదా" అని నాకు అంటగట్టారు. 60 మంది. నేను చెప్పేది డేటాబేస్‌లు, జన్మలో అగ్గిపెట్టె కూడా అమ్మి ఎరగను. సిలబస్ నిండా నిర్వచనాలు, పారిశ్రామికవేత్త లక్షణాలు. అవి ముందురోజు రాత్రి బట్టీపట్టి పాసైపోతారు. అలా కాకుండా బయటికి పంపి చేయించాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

శాన్‌హోజే నుంచి:
మేడం, ఇక్కడ దీనికి బాగా నలిగిన దారి ఒకటుంది. స్టార్టప్‌లు పెట్టి, తర్వాత పాఠాలు చెప్పడంలోకి వచ్చిన స్టీవ్ బ్లాంక్ 2011లో స్టాన్‌ఫర్డ్‌లో 'లీన్ లాంచ్‌ప్యాడ్' అని కోర్సు మొదలుపెట్టాడు. బిజినెస్ ప్లాన్ రాయడం లేదు. టీమ్ ఒక ఆలోచనతో వస్తుంది, అందులో తాము నిజమనుకుంటున్నవన్నీ ఒక్క పేజీ కాన్వాస్ మీద పెడుతుంది, తర్వాత వారానికి పది మందినైనా కలిసి వాటిలో ఏవి తప్పో కనుక్కొస్తుంది. కోర్సు అయ్యేసరికి వంద మంది లెక్క. అదే ఏడాది అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ దీన్ని 'ఐ-కోర్' పేరుతో ల్యాబుల్లో ఉండే సైంటిస్టులకూ పెట్టింది.
నేను చేసింది ఇలాంటిదే, వేరే యూనివర్సిటీలో. ప్రతి వారం అందరి ముందూ నిలబెట్టి "ఎవర్ని కలిశావు, ఏమన్నారు" అని ఉతికేవారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇక్కడ స్టూడెంట్ అని మెయిల్ పెడితే కంపెనీవాళ్లు జవాబిస్తారు. అక్కడ మెయిల్ నమ్ముకుంటే సెమిస్టర్ అయిపోతుంది, నేరుగా మనిషి దగ్గరికి వెళ్లాల్సిందే.

భీమవరం బుల్లోడు:
నేరుగా వెళ్లిన వాళ్లలో నేనొకణ్ని. ఈసీఈ, నలుగురు టీమ్. రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే పరికరం చేద్దామని మా ప్లాన్. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుద్ది, చూసుకోకపోతే పంటే పోద్ది. ఇంకేం, ప్రతి రైతూ కొంటాడనుకున్నాం. మా సారు "40 మంది రైతులతో మాట్లాడేదాకా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవద్దు" అన్నారు. తిట్టుకున్నాం.
మొదటి 12 మందీ "బాగుంది బాబూ, చెయ్యండి" అన్నారు. సంబరపడ్డాం. పదమూడో ఆయన గట్టు మీద షెడ్డులో కూర్చోబెట్టి టీ ఇప్పించి, "ఆక్సిజన్ ఎప్పుడు పడుద్దో మీ మిషను చెప్పాలేటబ్బాయ్? కరెంటు పోయి చెరువులో గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతాయి. జనరేటర్ వెయ్యాల్సినోడు నిద్దరపోతాడు. ఆణ్ని లేపే మిషనుందా మీ దగ్గర?" అన్నాడు.
వచ్చేదారిలో బండి మీద ఎవరం మాట్లాడుకోలేదు. అప్పట్నుంచీ "ఇలాంటిది వస్తే కొంటారా" అని అడగడం మానేశాం. దానికి మనోళ్లు మొహమాటానికి అవుననే అంటారు. "పోయిన పంటలో రాత్రి కరెంటు పోయినప్పుడు ఏం చేశారు? ఎంత నష్టమొచ్చింది?" అని మొదలెట్టాం. మొత్తం 40 మందిలో 27 మందికి ఆ నిద్ర గొడవే.
ఆక్సిజన్ ప్రోబ్ పక్కన పడేశాం. ఎలాగూ నీళ్లలో పాచి పట్టి రీడింగ్ తప్పుద్ది. సిమ్ పెట్టిన చిన్న డబ్బా చేశాం. కరెంటు పోతే కాపలా కుర్రాడికి ఫోను, ఎత్తకపోతే రైతుకి. 11 అమ్మాం, ఒక్కోటి 3,000కి. ఉప్పుగాలికి బోర్డులు తుప్పుపట్టి నాలుగు వెనక్కొచ్చాయి, డబ్బులు తిరిగిచ్చేశాం. ఫైనలియర్‌లో మూసేశాం. ఇప్పుడు ఉద్యోగమే చేస్తున్నా. అయినా ఇంటర్వ్యూలో ఆ పదమూడో రైతు సంగతే చెప్పా.

బాలెన్స్‌షీట్ బాబాయ్:
మేము ఎంబీఏ వాళ్లకి చేసింది ఇంకా చిన్నది. స్టాన్‌ఫర్డ్‌లో టీనా సీలిగ్ గారు టీమ్‌కి ఐదు డాలర్లిచ్చి, రెండు గంటల్లో పెంచుకురమ్మన్న కథ వినే ఉంటారు. గెలిచిన టీమ్ ఆ డబ్బు ముట్టనే లేదు, క్లాసులో తమకిచ్చిన మూడు నిమిషాల ప్రెజెంటేషన్ టైమునే ఆ విద్యార్థుల్ని ఉద్యోగాల్లోకి తీసుకోవాలని చూస్తున్న ఒక కంపెనీకి 650 డాలర్లకి అమ్మేసింది. నేను 500 రూపాయల కవరు ఇచ్చి రెండు సాయంత్రాలు టైమిచ్చా.
ఆరుగురు కలిసి బజ్జీల బండి పెట్టారు. అమ్మకం 2,340, సరుకు 1,280, లాభం 1,060 అని బోర్డు మీద రాసి చప్పట్లు కొట్టించుకున్నారు. గ్యాస్ ఎక్కడిదమ్మా అన్నా. అమ్మమ్మ గారింటిది. బండి? మావయ్యది. వాటికి 550 వేయించా. మిగిలిన 510ని ఆరుగురికి పంచితే తలా 85, రెండు సాయంత్రాల చాకిరీకి. ఆ 85 అంకె చూశాక క్లాసులో చప్పుడు లేదు. ఖర్చు లెక్కకట్టడం (కాస్టింగ్) మీద నేను చెప్పిన పాఠాలన్నీ ఒకెత్తు, అదొకెత్తు.

లాస్ట్‌బెంచ్_214:
అందరూ మంచి సంగతులే చెప్తున్నారు, నేను చెడ్డది చెప్తా. మా కాలేజీలో ఇలాంటి కోర్సే పెట్టారు. ఆ 'కస్టమర్ ఇంటర్వ్యూలు' మేము హాస్టల్లోనే రాసేశాం. నేను రైతు, నా రూమ్మేట్ కిరాణా కొట్టు. చివరి రోజు టై కట్టుకుని పీపీటీ, జడ్జీలు, ఫ్లెక్సీ, పేపర్లో ఫొటో. ఫస్ట్ ప్రైజ్ మాకే వచ్చింది. 😐 మార్కులు పీపీటీకి ఉన్నంతకాలం ఎవడూ గేటు దాటడు మేడం.

బాలెన్స్‌షీట్ బాబాయ్:
@లాస్ట్‌బెంచ్ నిజాయితీకి మెచ్చుకుంటున్నా నాయనా. మేము దీనికి మందు కనిపెట్టాం. ప్రతి వారం టీమ్‌లు కలిశామన్నవాళ్ల లిస్టులోంచి ఇద్దరికి, వాళ్లు ఒప్పుకుంటేనే, క్లాసులో స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తాం. ఇంకోటి, "మీరు అనుకున్నవాటిలో ఈ వారం ఏది తప్పని తేలింది" అన్నదానికే 40 మార్కులు. పీపీటీకి 10. ఏదీ తప్పని తేలలేదని వచ్చిన టీమ్‌కి గుండుసున్నా.

రాయదుర్గం రూట్:
కొత్త స్టార్టప్‌లకి చేయూతనిచ్చే ఇంక్యుబేషన్ సెంటర్లో పనిచేస్తా. టీ-హబ్ (హైదరాబాద్‌లో స్టార్టప్‌లకి సాయం చేసే సంస్థ), గ్రాంట్లు ఇవన్నీ మొదటి వారంలో చెప్పకండి మేడం, పిల్లలు కస్టమర్‌ని వదిలేసి అప్లికేషన్ల వెంట పడతారు. నిజంగా వస్తువు చేయగలిగే టీమ్ మిగిలితే ప్రోటోటైప్‌కి కేంద్ర ప్రభుత్వ పథకం 'నిధి ప్రయాస్' కింద 10 లక్షల దాకా వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం ఎవరికీ డబ్బులిచ్చి చేయించకండి. పూర్తిగా ఉచితం. 1,500 కట్టి వచ్చిన కుర్రాళ్లని చూశా.

చాక్‌పీస్:
అందరికీ థ్యాంక్స్ అండి. భీమవరం బాబూ, ఆ పదమూడో రైతు మాట క్లాసులో చెప్తాను, ఏమనుకోవద్దు. మాకు మిర్చి యార్డు దగ్గరే, అక్కడి నుంచే మొదలెడదామనుకుంటున్నా. ఇవాళ హెచ్‌ఓడీ గారు "ఆడపిల్లల్ని యార్డుకి పంపితే పేరెంట్స్‌కి ఎవరు సమాధానం చెప్తారు, అటెండెన్స్ ఎవరిస్తారు" అన్నారు. మొదటి దానికి నేనూ వెంట వెళ్తానన్నా. రెండోదానికి 60 ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే బయటికెళ్లినా హాజరు వేసే) ఫారాలు ప్రింట్ తీయించి పెట్టా, సోమవారం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి. యార్డులో పొద్దున ఎన్నింటికి వెళ్తే కమీషన్ వ్యాపారులు కాస్త తీరిగ్గా దొరుకుతారో ఎవరికైనా తెలుసా?