ఆఁతెల్‌కు ‘మేతావి’ సరిపోతుందా?

చదువును ఒలకబోసేవాణ్ని వెక్కిరిస్తూ బెంగాలీలు ‘ఆఁతెల్’ అంటారు. నిన్న ఇక్కడ ఒకరు దానికి తెలుగు మాట అడిగితే చాలామంది, మేధావిని ఎగతాళిగా అనే ‘మేతావి’ అనేశారు. నాకు ఒప్పుదల కాలేదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఆ మాట వింటూ పెరిగినదాన్ని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రాత సంగతి. దయచేసి ‘ఆంతెల్’ అని నిండుసున్న పెట్టకండి. అక్కడున్నది చంద్రబిందువు. ‘ఆ’ను ముక్కుతో పలకాలి, తర్వాత ‘న్’ వినబడకూడదు. దానికి మన అరసున్నే తగిన గుర్తు. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె అని చెప్పుకోవడానికి తప్ప మనం దాన్ని వదిలేశాం. బెంగాలీలకు చాఁద్, పాఁచ్, హాఁస్ అంటూ రోజూ నోట్లో నలుగుతూనే ఉంది.

ఆ ముక్కుపలుకు ఫ్రెంచి ‘ఆఁతెలెక్చుయెల్’ది, అంటే ఇంగ్లీషు ‘ఇంటలెక్చువల్’, మన మేధావి. బెంగాలీలు తల ఉంచుకుని తోక కోసేశారు. ఫ్రాన్సులోనూ 1898లో, దేశద్రోహ నింద పడ్డ యూదు సైనికాధికారి డ్రేఫస్ వ్యవహారంలో ఆయన తరఫున సంతకాలు పెట్టిన రచయితల్ని, ఆచార్యుల్ని ఎదుటిపక్షంవాళ్లు ఈ మాటతోనే వెక్కిరించారు.

కలకత్తాలో ఆఁతెల్ అనగానే భుజాన జోలె, గడ్డం, కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో గంటలకొద్దీ విదేశీ సినిమాల మీద చర్చ కళ్లముందు కడతాయి. 1947లోనే సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వంటివాళ్లు ఫిల్మ్ సొసైటీ పెట్టిన ఊరు కదా!

పాగల్ (పిచ్చివాడు) నుంచి పాగ్లామి (పిచ్చితనం), బాఁదర్ (కోతి) నుంచి బాఁద్రామి (కోతిచేష్టలు) వచ్చినట్టే ఆఁతెల్ నుంచి ఆఁత్లామి (ఆఁతెల్ వేషాలు) పుట్టింది. మధ్య అచ్చు కూడా అలాగే జారిపోయింది. పరాయి మాట ఇంటిమాట అయిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మా పక్కింటి కాకీమా (పిన్నిగారు) కొడుకు ఏదో నాటకం గురించి నాకు వివరిస్తుండగా కరెంటు పోయింది. చీకట్లో కూడా ఆపలేదు. వంటింట్లోంచి కాకీమా, “ఆఁత్లామి కొరిస్ నా, ఆగే ఫ్యూజ్‌టా ద్యాఖ్!” అని అరిచింది. వేషాలు మాని ముందు ఫ్యూజు చూడరా అని. ఆ అబ్బాయి నిజంగానే బాగా చదివినవాడు. ఆ సంగతి కాకీమాకీ తెలుసు.

నా అభ్యంతరం అక్కడే. ‘మేతావి’లో మేత ఉంది, అంటే తింటున్నాడన్న నింద. ‘కుహనా మేధావి’ అంటే అసలు చదువే బూటకమని. ఆఁతెల్‌ను తిండిపోతు అనరు, దొంగ అనరు. చదువు నిజమే కావచ్చు. దాన్ని ఒలకబోయడం, చేతికి పని రాకపోవడం, అదీ ఆక్షేపణ. చదువుకునే పిల్లల నోరు మూయించడానికి కూడా దీన్ని విసురుతారు. కాలేజీలో నేనూ పడ్డాను, చాలా బాధపడ్డాను.

‘అతితెలివి’ కొంత దగ్గర, కానీ అందులో పుస్తకం వాసన లేదు. శ్రీకాకుళం వైపు గానీ, పాలమూరులో గానీ, ఇంకెక్కడైనా మీ ఇళ్లలో ఇలాంటివాణ్ని ఏమంటారో ఆ మాట, అన్న సందర్భంతో సహా రాయండి.