బామ్మర్ది మిన్నెసోటా నుంచి వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు) తెస్తానంటున్నాడు, మందంవి తెప్పించుకోనా?

మియాపూర్_బాబాయ్:
అందరికీ నమస్తే. నాకు 54 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. చలికాలం ఆదివారాలు పటాన్‌చెరు అవతల ఒక చెరువు దగ్గర కెమెరాతో పడి ఉంటాను. గట్టు మీంచి తీస్తే బాతుకి వీపే వస్తుంది, కెమెరా నీటి మట్టానికి దించితే గానీ ఫొటోలో దాని కన్ను పడదు. అందుకని పోయినేడు ఆన్‌లైన్‌లో ఛాతీ దాకా వచ్చే పీవీసీ వేడర్లు కొన్నాను. మూడో ఆదివారం పిన్‌టెయిల్ బాతుల కోసం నీళ్లలో మెల్లగా గొంతుక్కూర్చున్నానో లేదో, టప్‌మంది. రెండు కాళ్లు కలిసే చోట కుట్టు పోయింది. ఆ నీళ్లు ఎక్కడెక్కడికి చేరాయో ఇక్కడ రాయలేను. కారు సీటు మీద పాత దుప్పటి వేసుకుని ఇంటికొచ్చాను.

మా బామ్మర్ది మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ లైసెన్సు, డక్ స్టాంపు (బాతుల వేటకి ప్రభుత్వం అమ్మే అనుమతి స్టాంపు) కొనుక్కుని ఆఫీసు వాళ్లతో బాతుల వేటకి పోతాడు. (మనకి 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి నా వేట కెమెరాతోనే.) వాడివి 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ వేడర్లు, బూట్ల మీద 1600 గ్రాములు అని ఉంటుంది. "కొత్తవి కొన్నాను బావా, ఇవి సంక్రాంతికి తెస్తా, జన్మలో చిరగవు" అంటున్నాడు. తెమ్మనమంటారా?

డులూత్_చలిమామ:
వద్దు బాబాయ్ గారూ. అవి మా మిన్నెసోటా చలికి పుట్టినవి. నవంబరులో ఇక్కడ తెల్లారేసరికి నీటి అంచున అప్పడంలా మంచు కట్టి ఉంటుంది. గాలి కంటే నీళ్లు ఒంట్లో వేడిని 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. రెల్లులో మూడు గంటలు కదలకుండా కూర్చునేవాడికి ఆ మందం కావాలి. నియోప్రీన్ అంటే గాలి బుడగలున్న రబ్బరు. బయటి నీళ్లు రానివ్వదు, లోపలి చెమట పోనివ్వదు. హైదరాబాద్ డిసెంబరులో దాంతో అర కిలోమీటరు నడిచారంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. ఆ 1600 గ్రాములు బూటు బరువు కాదు, లోపల చలి ఆపే పొర చదరపు మీటరుకి ఎంత తూగుతుందో అది.

మీకు చెమట బయటికి పంపే పల్చటి రకం చాలు, బ్రీతబుల్ అని అడగండి. చలేస్తే లోపల ఫ్లీస్ ప్యాంటు. కాటన్ పైజామా మాత్రం వద్దు, తడిస్తే ఆరదు.

ఇక చిరగడం సంగతి. పీవీసీ చవకదే అయుండొచ్చు, కానీ నా అనుమానం సైజు మీద. నడుము నుంచి కాళ్లు కలిసే దాకా పొడవు చాలకపోతే, గొంతుక్కూర్చున్నప్పుడు లాగుడంతా ఆ ఒక్క కుట్టు మీద పడుతుంది. వేసుకుని గొంతుక్కూర్చోండి, తర్వాత ఒక కాలు కుర్చీ మీద పెట్టండి. ఎక్కడా బిగుసుకోకూడదు. మోకాళ్ల దగ్గర రెండు పొరలున్నవే తీసుకోండి. నావి మొదట పోయింది అక్కడే.

నీళ్లకోడి_నల్లగండ్ల:
పై అన్న మిన్నెసోటా సంగతి చెప్పారు, నేను మన చెరువు సంగతి చెప్తా. ఇక్కడ వేడర్లని చలి చంపదు, వినాయకుడి చువ్వలు చంపుతాయి. నిమజ్జనమైన విగ్రహాల ఇనుప చువ్వలు బురదలో నిలబడి ఉంటాయి. నాకు పిక్క దగ్గర జానెడు చిరిగింది, టెటనస్ ఇంజెక్షన్ కూడా అయింది. అప్పట్నుంచి వెదురు కర్రతో ముందు పొడిచి చూడందే అడుగు వేయను.

బురదకి బూటు అతికించి వచ్చే రకం కంటే మేజోడులా ఉండి విడిగా లేసులు కట్టే బూటు వేసుకునేది నయం. మొదటి రకంలో బూటు బురదలో ఇరుక్కుంటుంది, కాలు పైకొస్తుంది. నడుం బెల్టు మాత్రం వదలొద్దు, పడితే నీళ్లు కాళ్లలోకి దిగకుండా ఆపేది అదే. ఒంటరిగా దిగొద్దు, తొడ దాటి అసలు వద్దు.

ఇంకోటి, అమీన్‌పూర్ చెరువులో మాత్రం దిగకండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఎక్కడైనా బాతులు మేత మాని తలలెత్తాయంటే మీరు దగ్గరికొచ్చేసినట్టే, అక్కడే ఆగండి.

డాబా_కబుర్లు:
ఉతికాక ఎండలో మాత్రం ఆరేయకండి. మా ఆయన డాబా మీద వారం వదిలేస్తే రబ్బరు బూట్లు పగుళ్లిచ్చాయి. నీడలో, పాదాలు పైకి ఉండేలా వేలాడదీయాలి. రాత్రి చీకట్లో చూసి పక్కింటావిడ కేక పెట్టింది, అది వేరే కథ.

నీళ్లకోడి_నల్లగండ్ల:
చిల్లు ఎక్కడో తెలియకపోతే లోపలి వైపు బయటికి తిప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిలకరించండి. చిల్లున్న చోట నల్లటి మచ్చ పడుతుంది. దాని మీద యూరితేన్ జిగురు రాసి రాత్రంతా వదిలేయాలి. ఇది పల్చటి రకానికే.

మియాపూర్_బాబాయ్:
అందరికీ థ్యాంక్స్. మా ఆవిడ టైలరింగ్ టేపుతో కొలతలు తీసింది, నవ్వు ఆపుకోలేక రెండుసార్లు తప్పు రాసింది. పొట్ట కొలత విన్నాక బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు. పల్చటివి, లేసుల బూట్లు, మోకాళ్ల మీద రెండు పొరలు అని చెప్పాను. "మరి నా పాతవి ఎవరికివ్వను బావా?" అంటున్నాడు. డులూత్ గారూ, మీ సైజెంత?